వివరాలకు నొక్కండి

హలో అన్నాను, అంతే. అవతల హుమేరా చేతిలోంచి ఫోన్ జారిన చప్పుడు, దాని వెనకే ఏదో గిన్నె దొర్లిన చప్పుడు. అది పొద్దున ఏడున్నర సంగతి. ఇప్పుడు పది యాభై, నరసరావుపేట బస్టాండు వదిలి పావుగంటయింది, బస్సు రొంపిచర్ల దారి పట్టింది, కిటికీ అద్దం ఒకటే కొట్టుకుంటోంది, అయినా నాకు ఆ గిన్నె చప్పుడే వినిపిస్తోంది. హుమేరా ఎనిమిదో తరగతి నుంచి ఇంటరు దాకా నాతో ఒకే బెంచీలో కూర్చున్న పిల్ల. ఇప్పుడు మాచర్లలో కాపురం. ఏడాదికి రెండు మూడు మెసేజీలు, పండక్కి ఒక ఫోటో, అంతకు మించి లేదు మా మధ్య. అలాంటిది తనే ఫోన్ చేసి, నేను హలో అంటే భయపడిపోయింది. మళ్ళీ ఫోన్ ఎత్తుకుని, పరాయివాళ్ళతో మాట్లాడినట్టు మెల్లగా, "ఎవరండీ మాట్లాడేది" అంది. నేనే, బిందూని అన్నాను. "బిందు ఫోను మీకాడ ఎందుకుంది" అంది. నాకు నవ్వొచ్చింది, నవ్వాను కూడా. ఆ నవ్వు గుర్తుపట్టినట్టుంది, ఏడుపు మొదలుపెట్టింది. "నువ్వు చచ్చిపోయావనుకున్నానే. వారం నుంచి ఏడుస్తన్నా. ఎవరన్నా ఎత్తితే ఎట్టా పోయావో అడుగుదామని చేశా." ఒక మనిషి బతికి ఉన్నందుకు ఎదుటివాళ్ళు అంతగా ఏడవడం నేనెప్పుడూ వినలేదు.

ఎవరు చెప్పారే నీకు అంటే, "ఎవరో చెప్పేదేంది, ఫోన్లో చూశాగా నీ ఫోటో. చుట్టూ బంతిపూలు, రెండు పక్కలా దీపాలు, కింద వివరాలకు నొక్కండి అని" అంది. ఆ ఫోటో పెట్టింది నేనే. ఆ పూలు, ఆ దీపాలు పెట్టింది నేనే. వివరాలకు నొక్కండి అనే మాట మూడు రోజులు ఆలోచించి రాసిందీ నేనే. నా పని అదే మరి. వార్తల వెబ్‌సైట్లలో వార్తకు పైనా పక్కనా మధ్యలోనూ ప్రకటన డబ్బాలు కనిపిస్తాయి చూడండి, జనం విసుక్కుంటూ పక్కకు తోసేసేవి, అవి తయారుచేస్తాను. తోసేయకుండా ఎంతమంది నొక్కారన్నదే నా పనితనానికి కొలత. వెయ్యిసార్లు కనిపిస్తే ఒకరు నొక్కడం మామూలు, ఇద్దరు నొక్కితే నన్ను మెచ్చుకుంటారు. వెంకటకృష్ణయ్య గారి కారాలు, పచ్చళ్ళ కొట్టుకు ఏడాదిగా చేస్తున్నాను, వెయ్యికి ఒకటి దాటింది లేదు. "ఆ ఒక్కడూ నేనేనమ్మా, రోజూ పొద్దున్నే నేనే నొక్కుతున్నా" అని ఎగతాళి చేసేవారాయన. దీపావళి లోపల ఏదో ఒకటి తేల్చకపోతే వేరేవాళ్ళను చూసుకుంటానని కూడా అన్నారు, నవ్వుతూనే అన్నారు గానీ నాకు నిద్ర పట్టలేదు.

అందుకని అన్నీ మార్చి చూశాను. జాడీ బొమ్మ తీసేసి ఎర్రటి మిరపకాయల కుప్ప పెట్టాను, కదల్లేదు. ఇప్పుడే కొనండి అన్న గడిని ఆకుపచ్చ నుంచి నారింజ రంగుకు మార్చాను, కదల్లేదు. మనిషి మొహం ఉంటే జనం ఒక్క క్షణం ఆగుతారని ఈ పని చేసే ప్రతివాళ్ళకూ తెలుసు, కానీ డబ్బిచ్చి తెచ్చుకునే ఫోటోల్లో ఉండే ఆడవాళ్ళంతా జన్మలో అన్నంలో కారం కలుపుకోనివాళ్ళలా ఉంటారు. మన పల్నాటి మొహం పెట్టమ్మా అన్నారు వెంకటకృష్ణయ్య గారు. నా దగ్గర ఉన్న పల్నాటి మొహం నాదొక్కటే. సుమన్, నా భర్త, మేడ మీద సున్నం గోడ ముందు నన్ను నిలబెట్టి తీశాడు, చేతులు జోడించి, తల కాస్త వంచి, కళ్ళు మాత్రం చూసేవాళ్ళ వైపే ఉండేట్టు. దీపావళి కదా అని చుట్టూ బంతిపూల దండ వేశాను, రెండు ప్రమిదలు వెలిగించాను. పెద్ద సైజులో అది నిండైన పండగ ప్రకటన, పైన కొట్టు పేరు, పక్కన జాడీలు, అడుగున ధరలు. ఫోన్లో కనిపించే చిన్న సైజుకు వచ్చేసరికి పేరూ జాడీలూ పట్టక యంత్రమే వాటిని కోసేసింది. మిగిలింది నేను, పూలు, దీపాలు, వివరాలకు నొక్కండి. పదకొండో రోజున సెంటర్లో కట్టే శ్రద్ధాంజలి ఫ్లెక్సీలను పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదాన్ని, బెంగుళూరులో కూర్చుని ఈ పని చేసేవాడికి తట్టకపోతే సరే, నాకెందుకు తట్టలేదు? తట్టలేదు. మొదటిరోజు సాయంత్రానికే వెయ్యికి ముప్ఫై ఎనిమిది మంది నొక్కారు. ఆ అంకె చూసి కుర్చీలోంచి లేచి గంతేశాను.

నొక్కినవాళ్ళు మూడు సెకన్లకే వెళ్ళిపోతున్నారని కూడా కనబడింది. ఒక్క పచ్చడి డబ్బా అమ్ముడుపోలేదని కూడా కనబడింది. చూడలేదని చెప్పను, చూశాను, చూసి పేజీ నచ్చలేదేమోలే అనుకున్నాను, పేజీ రంగు మార్చాను. నా చావు వార్త కోసం వచ్చి, ఊరగాయలు కనిపించి, ఇదేందని వెనక్కి పోతున్నవాళ్ళకు నేను రంగు మారిస్తే ఏం లాభం. వెంకటకృష్ణయ్య గారు మాత్రం చాలా సంతోషపడ్డారు. "అమ్మకాలు తర్వాత వస్తయ్యిలే, జనం రావటం ముఖ్యం. నీ మొహం మంచి మొహమమ్మా, పండగ అయ్యేదాకా తియ్యమాక" అన్నారు. తీయలేదు. పది రోజులు పల్నాడంతా తిరిగాను నేను, బస్సుల్లో, టీ బంకుల్లో, కాలేజీ బెంచీల కింద, పడుకోబోయేవాళ్ళ దిళ్ళ పక్కన, చేతులు జోడించుకుని. ఒకసారి నొక్కినవాళ్ళ వెంట పడి వాళ్ళు ఏ పేజీకి పోతే ఆ పేజీలో కనిపించే ఏర్పాటు కూడా చేశాను, అది మా పనిలో మామూలే. వాతావరణం చూసుకుంటుంటే నేను, మిర్చి ధర చూసుకుంటుంటే నేను, పిల్లల పరీక్షా ఫలితాల పక్కన నేను.

కండక్టరమ్మ వచ్చి ఆధార్ చూపించమంది. ఆడవాళ్ళకు టికెట్ లేదు కదా ఇప్పుడు, సున్నా అని అచ్చయిన కాగితం ఇస్తారు. దుమ్ముకు చున్నీ మొహమంతా చుట్టుకుని ఉన్నాను, కళ్ళు తప్ప ఏమీ కనిపించవు, ఆమె కార్డు మీద ఫోటో చూసింది గానీ నా వైపు చూడలేదు. ఎక్కడికమ్మా అంది. ఈపూరు అన్నాను. ఆ ఊరి పేరు బస్సులో చెప్పి ఆరేళ్ళయింది. గొంతు మారిపోయిందేమో, ఆమె మళ్ళీ అడిగింది, మళ్ళీ చెప్పాను. సున్నా కాగితం చేతిలో పెట్టి పోయింది. దాన్ని మడిచి మడిచి గోరంత చేశాను, మళ్ళీ విప్పాను. చేతులకు ఏదో ఒక పని కావాలి. భయంగా ఉంది నాకు, నాన్నంటే భయం కాదు, ఆయన నన్ను చూసి ఎప్పట్లా మొహం తిప్పేసుకుంటాడేమోనని భయం.

మా నాన్న పుల్లయ్య అంటే ఈపూరు చుట్టుపక్కల తెలియనివాళ్ళు లేరు. ఒకసారి సర్పంచి, రెండుసార్లు ఓడిపోయిన సర్పంచి, ఎవరి తగాదా అయినా ఆయన ఒక మాట అంటే అక్కడితో ఆగేది, ఎందుకంటే ఆయన అన్న మాట తప్పడు. ఆ పేరు మీదే బతికాడు. నాకు అయిదేళ్ళప్పుడు అమ్మ పోతే రెండో పెళ్ళి చేసుకోనన్నాడు, చేసుకోలేదు. నాకు జడ వేయడం నేర్చుకున్నాడు, నారతాడు పేనినట్టు బిగించేవాడు, బడికి పోయేసరికి కళ్ళు పైకి లాక్కుపోయి ఉండేవి, హుమేరా నా వెనక్కి చేరి వదులు చేసేది. అలాంటి మనిషి, నేను వేరే కులం అబ్బాయి సుమన్‌ను పెళ్ళి చేసుకున్నానని తెలిసిన రోజు, పాలకేంద్రం ముందు నలుగురిలో నిలబడి, అది బతికున్నంత కాలం దానితో మాట్లాడను, దాని మొహం చూడను అన్నాడు. అన్నాడు కాబట్టి చూడలేదు. ఆయన ముందు నా పేరు ఎత్తడం కూడా ఎవరూ చేయరు. రెండేళ్ళ కింద నరసరావుపేట మార్కెట్ దగ్గర ఎదురుపడ్డాడు, నాన్నా అన్నాను, నా పక్కనుంచి, స్తంభాన్ని తప్పుకుని పోయినట్టు పోయాడు. కోపంగా పోయినా బాగుండేది.

మరి ఎందుకు ఈపూరు పెట్టాను? ప్రకటన ఎక్కడెక్కడ కనిపించాలో మండలాల పేర్లు ఒక్కొక్కటే గుర్తు పెట్టాలి, నరసరావుపేట, సత్తెనపల్లి, చిలకలూరిపేట, ఎడ్లపాడు, కొరియర్ తేలికగా పోయే ఊళ్ళన్నీ పెట్టాను. ఈపూరు దగ్గర ఆగాను. అక్కడివాళ్ళకు పచ్చళ్ళు కొనే అవసరం లేదు, ఇంటింటా జాడీలే. అయినా పెట్టాను. పల్నాటి మొహం నాదొక్కటే దొరికిందని చెప్పుకున్నాను గానీ, వీధి చివర టైలరమ్మ అన్నపూర్ణ వంద రూపాయలిస్తే నవ్వుతూ నిలబడేది. నాన్న పొద్దున్నే రాజకీయ వార్తలు చదువుతాడని నాకు తెలుసు. ఎప్పుడో ఒక రోజు ఆయన చూపు నా మీద పడుతుందని, మార్కెట్ దగ్గర తప్పుకున్నట్టు ఫోన్లో తప్పుకోలేడని, ఆశపడ్డాను, అదీ నిజం. ఆశపడి అచ్చంగా చచ్చినదానిలా కనపడ్డాను.

ఇంకో సంగతి ఉంది. రెండో రోజు నుంచి ఈపూరు నుంచి క్లిక్కులు రావడం మొదలైంది. మనుషుల పేర్లు మాకు తెలియవు, ఊరు, టైము, ఒకే ఫోనా వేరు వేరు ఫోన్లా, అంతవరకే తెలుస్తుంది. ఒకే ఫోను. తెల్లవారుజామున నాలుగూ నలభైకి మొదలయ్యేది, అయిదింటికి ఆగేది, అయిదారుసార్లు, ఎనిమిదిసార్లు, ఒకరోజు పద్నాలుగుసార్లు. నొక్కడం, పచ్చళ్ళ పేజీ, వెనక్కి పోవడం, మళ్ళీ నొక్కడం. ఒకే మనిషి అన్నిసార్లు నొక్కితే మేము దాన్ని చెల్లని క్లిక్కు అంటాం, లెక్క పాడవుతుందని తీసేస్తాం. నేనూ తీసేశాను. ఎవడో పనిలేనివాడు అనుకుని అయిదో రోజున ఈపూరునే జాబితాలోంచి కొట్టేశాను. ఆరో రోజు నాలుగూ నలభైకి అదే ఫోను, వినుకొండ పేరుతో వచ్చింది. టవర్లు అటూ ఇటూ పట్టుకుంటాయి, అందులో వింతేమీ లేదు, అది నాకు తెలుసు. అయినా కాఫీ గ్లాసు పక్కన పెట్టి కాసేపు ఆ వరస వైపే చూస్తూ ఉండిపోయాను. నాలుగూ నలభై అంటే చేలో మోటారుకు కరెంటు వచ్చే టైము. నా చిన్నప్పుడు నాన్న అలారం లేకుండా ఆ టైముకే లేచేవాడు. ఇంత తెలిసి కూడా ఆ రోజు ఆయన గుర్తు రాలేదు నాకు.

హుమేరా పొద్దున చెప్పింది మొత్తం. వాళ్ళ నాన్న అబ్దుల్ గఫార్ మా ట్రాక్టరు నడుపుతాడు, ఆయన హుమేరాకు చెప్పాడు. "మీ నాన్న మీసం తీసేశాడంట బిందూ. పది రోజుల నుంచి కాళ్ళకు చెప్పులు లెవ్వు, కింద పడుకుంటన్నాడంట, ఒంటిపూట తింటన్నాడంట. ఊరంతా చూస్తన్నారు, ఎందుకని అడిగేవాడు లేడు. మా నాన్న కూడా ఫోన్లో నిన్ను చూశాడు కదా, ఇంకేం అడుగుతాడు. రేపు పదకొండో రోజు, చేను కాడికి ఒక అరిటాకు తెచ్చిపెట్టు గఫారూ అన్నాడంట నిన్న." పెళ్ళయిపోయిన ఆడపిల్ల పోతే పుట్టింటివాళ్ళకు మూడు రోజుల మైలే. పెళ్ళికానిదైతే పది. నా పెళ్ళిని ఆయన ఒప్పుకోలేదు కాబట్టి నేనింకా ఆయన ఇంటి పిల్లనే, అందుకే పది రోజులూ పట్టాడు. ఎవరినీ అడగలేడు, అడగాలంటే నా పేరు ఎత్తాలి. సుమన్‌కు ఫోన్ చేయలేడు. ఎట్టా పోయిందో, ఎక్కడ పోయిందో తెలుసుకోవడానికి ఆయనకున్న దారి ఒక్కటే, వివరాలకు నొక్కండి అంటే నొక్కాడు. పచ్చళ్ళు వచ్చాయి. తన చేతకానితనమేమో అనుకుని మళ్ళీ నొక్కాడు. రోజూ చీకటితో లేచి, మోటారు వేసి, నొక్కాడు. నేను చెల్లదని కొట్టేశాను.

గఫార్ మామకు ఫోన్ చేస్తే స్విచాఫ్. నాన్న తెలియని నంబరు ఎత్తడు, తెలిసిన నంబరు అసలే ఎత్తడు. మా అమ్మతో చెప్పిస్తానుండు అంది హుమేరా. వద్దు, ఎవరూ చెప్పొద్దు, నేనే పోయి కనబడతా అన్నాను. సుమన్ తోడు వస్తానన్నాడు, నిన్ను చూస్తే ఉన్నది కూడా పోతుంది, ఉండు అన్నాను. అతను చిన్నబుచ్చుకోలేదు, బస్సు ఎక్కించి నీళ్ళ సీసా ఇచ్చి, చెప్పగానే నమ్ముతాడులే అన్నాడు. నమ్మడం గురించి కాదు నా దిగులు. నాన్నా, నేను చచ్చిపోలేదు. ఈ మాట బస్టాండు నుంచీ లోపల అనుకుంటూనే ఉన్నాను. పది రోజులు ఏడ్చిన మనిషి, కూతురు బతికి ఎదురుగా నిలబడితే పాత పంతం మర్చిపోడా? ఒక్క మాటన్నా అనడా? తిట్టినా చాలు నాకు. మధ్యాహ్నం ఆకు వేసే లోపల చేరుకోవాలి, అంతే.

నా పక్క సీటులో రొంపిచర్లలో ఎక్కిన ఆవిడ ఫోన్ తీసింది. నలభై ఏళ్ళుంటాయి, ఒళ్ళో కూరగాయల సంచి. వేలితో వార్తలు పైకి తోస్తోంది, ఎవరో నాయకుడు, ఏదో వాన, తోసేసింది, ఆగింది. నేను వచ్చాను. పొద్దున ఎనిమిదింటికే ప్రకటన ఆపేశాను, వెంకటకృష్ణయ్య గారికి చెప్పకుండానే ఆపేశాను, అయినా ఆవిడ అరచేతిలో పూల మధ్య చేతులు జోడించుకుని ఉన్నాను. ఆపినా పాత పేజీల్లో కొంతసేపు తిరుగుతూనే ఉంటాయి, అది మామూలే, మామూలే అని నాకు నేను చెప్పుకున్నాను. ఆవిడ నాలుక చప్పరించింది. "చిన్నపిల్ల చూడమ్మా, నీ ఈడు ఉంటదేమో" అని ఫోన్ నా వైపు తిప్పింది. నా కళ్ళు నన్నే చూస్తున్నాయి. ఏమైందంట అన్నాను, ఎందుకు అడిగానో తెలియదు. "లారీ గుద్దిందంట, పేట బైపాసు కాడ. బండి మీద మొగుడూ పెళ్ళాం పోతన్నారంట, మొగుడికి గీత పడలా, ఈ పిల్ల అక్కడికక్కడే. మా ఆడబిడ్డ చెప్పింది, వాళ్ళ పక్కింటోళ్ళు పోయి చూసొచ్చారంట." పోయి చూసొచ్చారంట. ఎవరిని చూశారు? చున్నీ కింద నా ఊపిరి నాకే వేడిగా తగిలింది. నోటిమీద చెయ్యి పెట్టుకుని పళ్ళు ఉన్నాయో లేదో నాలుకతో తడిమి చూసుకున్నాను, అలా ఎందుకు చేశానంటే చెప్పలేను. ఆవిడ నొక్కింది. గోంగూర పచ్చడి అరకిలో వచ్చింది. "ఏందో, ఎప్పుడు నొక్కినా ఇయ్యే వస్తయ్యి" అని ఫోన్ సంచిలో పడేసింది.

నా ఫోన్ తీశాను. కొట్టు వెబ్‌సైటులో ఈ క్షణం ఎంతమంది ఉన్నారో, ఏ ఊళ్ళో ఉన్నారో చూపించే పేజీ ఒకటి ఉంది. తెరిచాను. ఒకటి. ఈపూరు. చూస్తుండగానే సున్నా అయింది. కిటికీ బయట పత్తి చేలు, తెల్లగా విచ్చినవి కొన్ని, ఇంకా పచ్చగా ఉన్నవి కొన్ని, చేలో ఒక్క మనిషి లేడు, ఎండ నిట్టనిలువుగా ఉంది. మళ్ళీ ఒకటి. మళ్ళీ సున్నా. ఆపేసిన ప్రకటనను నొక్కుతున్నాడంటే పాత పేజీని మూయకుండా అలాగే ఉంచుకున్నాడన్న మాట, మూస్తే నేను పోతానని. రాళ్ళ గుట్ట దాటాం, మలుపు తిరిగాం, ఒకటి. నాన్నా, వస్తున్నాను, ఇంకా పావుగంట, ఆగు, నొక్కమాక, అందులో ఏమీ లేదు. పైకి అన్నానేమో, పక్కావిడ ఏమ్మా అంది. ఏమీ లేదన్నాను. సున్నా అయింది, ఇక మారలేదు. ఈపూరు సెంటర్ వచ్చేదాకా ఆ సున్నా వైపే చూస్తూ కూర్చున్నాను.

దిగేసరికి పదకొండూ నలభై అయిదు. దుకాణాల ముందు మనుషులున్నారు, చున్నీ చుట్టుకున్న ఆడపిల్లను ఎవరు పట్టించుకుంటారు. మా వీధి మీదుగా పోతేనే చేనుకు దగ్గర దారి. రామాయమ్మత్త వాళ్ళ వాకిట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. నాకు మొదటిసారి ఓణీ కట్టింది ఆవిడే. ఆగలేక చున్నీ కిందికి లాగి, అత్తా అన్నాను. చూసింది. ఒళ్ళోంచి చింతపండు రాలిపోతుంటే పట్టించుకోకుండా లేచి, వెనక్కి వెనక్కి నడిచి లోపలికి పోయి తలుపు వేసుకుంది. లోపల గడియ పెట్టిన చప్పుడు విన్నాను. ఇంకో తలుపు తట్టి చూడాలనిపించలేదు. నడిచాను, తర్వాత పరుగెత్తాను. డొంక దారిలో నా నీడ కాళ్ళ కిందికి పోయి కనబడనంత చిన్నదయిపోయింది, రెండుసార్లు ఆగి అది ఉందో లేదో చూసుకున్నాను. ఉంది.

మోటారు కొట్టం దగ్గర ఉన్నాడు నాన్న. వీపు నా వైపు, ఒంటిమీద చొక్కా లేదు, తడిపంచె. ముందు అరిటాకు, దాంట్లో అన్నం, పప్పు, గారెలు. కరెంటు తీగ మీద మూడు కాకులు కూర్చుని ఉన్నాయి, దిగడం లేదు. పోయినవాళ్ళకు పెట్టిన ముద్దను కాకి ముట్టకపోతే వాళ్ళకు ఏదో కోరిక మిగిలిపోయిందని మావైపు అనుకుంటారు, ఆ కోరిక ఏమిటో ఊహించి, తీరుస్తానని మాటిస్తే అప్పుడు ముడుతుందట. అమ్మప్పుడు నన్ను బాగా పెంచుతానంటే ముట్టిందని ఆయనే చెప్పాడు నాకు. ఇప్పుడు కాకుల వైపు తలెత్తి మాట్లాడుతున్నాడు. గొంతు బొంగురుపోయింది, చాలాసేపటి నుంచి మాట్లాడుతున్నాడని తెలుస్తోంది. "ఇంకేందమ్మా. పసుపుకుంకాలకు ఎకరం ఇయ్యలేదనా. రాయిస్తా. బజార్లో నాన్నా అంటే పలకలేదనా. తప్పే. ఆ పిల్లోణ్ణి గుమ్మం ఎక్కనియ్యలేదనా. ఎక్కనిస్తా, నేనే పేట పోయి చెయ్యి పట్టుకుని పిలుచుకొస్తా. నలుగురూ ఏమంటారో నేను చూసుకుంటాలే. ముట్టు తల్లీ. పొద్దు నెత్తికెక్కింది, ఆకలేస్తంటది నీకు." కాకులు కదల్లేదు. ఎలా కదులుతాయి. ఈ ఊళ్ళో వాటికి మాత్రమే తెలుసు నేను చావలేదని.

నా కాలి కింద ఎండుపుల్ల విరిగింది. ఆయన తిరిగాడు. మీసం ఉన్న చోట తెల్లటి చర్మం, నాన్న మొహంలో ఇంకెవరో ఉన్నట్టు అనిపించింది. ఉలిక్కిపడలేదు. మొహం తిప్పుకోలేదు. నిండుగా, కళ్ళారా చూశాడు నన్ను, ఆరేళ్ళలో మొదటిసారి. "వచ్చావా" అన్నాడు. "నువ్వే వస్తన్నావని ఇయ్యి రావట్లేదు. నాకెట్టా తెలుస్తది." నాన్నా, నేను, అని మొదలుపెట్టాను. చెయ్యి అడ్డం పెట్టాడు. "మాట్లాడమాక. మాట్లాడితే ఉండలేరంట పోయినోళ్ళు. కూర్చో. తిని పోదువుగాని." ఆకును నా వైపు జరిపాడు. "ఎట్టా పోయావమ్మా. నొప్పి లేదుగా ఇప్పుడు" అని అడిగాడు, అడిగి, జవాబు కోసం కాకుండా, నా జడ వైపు చూశాడు. "జడ వదులుగా వేసుకున్నావు" అన్నాడు.

బస్టాండు నుంచీ మోసుకొచ్చిన మాట నాలుక మీదే ఉంది. అది చెప్పడానికే వచ్చాను. చెబితే ఈయన సంతోషిస్తాడు, ఒక్క క్షణం సంతోషిస్తాడు, ఆ తర్వాత పుల్లయ్య అయిపోతాడు. లేచి, చెప్పులు వేసుకుని, నా పక్కనుంచి, నన్ను తగలకుండా నడిచి వెళ్ళిపోతాడు. అది నాకు బాగా తెలుసు, ఆయన కూతురిని నేను. చెప్పకపోతే రేపో ఎల్లుండో, ఇచ్చిన మాట తప్పడు కాబట్టి, సుమన్ చెయ్యి పట్టుకోవడానికి పేటలో మా గుమ్మం ముందుకు వస్తాడు. అప్పుడు తలుపు తీసేది నేనే. అప్పుడు ఏమవుతుందో నాకు తెలియదు. ఇప్పుడు మాత్రం ఆయన నాకు అన్నంలో పప్పు సర్దుతున్నాడు, గారె తుంచి పక్కన పెడుతున్నాడు, చిన్నప్పుడు పెట్టినట్టే చిన్న చిన్న ముక్కలుగా. ఇంత ప్రేమ నాకోసం లోపల ఉంచుకుని నన్ను ఆరేళ్ళు ఏడిపించాడన్న కోపం వచ్చింది, ఆ కోపంతోనే కళ్ళు నిండిపోయాయి. చచ్చినవాళ్ళు ఏడుస్తారో లేదో తెలియక మొహం వంచుకున్నాను.

కింద కూర్చున్నాను. అన్నంలో చెయ్యి పెట్టి, కలిపి, ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నాన్న రెండు చేతులూ జోడించి, నా వైపే చూస్తూ, చాలా మెల్లగా, "ముట్టింది" అన్నాడు.